వీరసామి సెషన్లు, మామయ్య వకీలు

కౌలాలంపూర్, 2 మే 1960

అప్పలసామి మామయ్య గారికి మేనల్లుడు వీరసామి నమస్కారాలు.

ఆఫీసు ఉద్యోగం మానేసి గిటారు పట్టుకున్నాను. రికార్డుల కంపెనీలో వారానికి మూడు సెషన్లు. నిన్న పాటగాడు గొంతు పోయి రాలేదు. ఊరికే కూర్చోవడం ఎందుకని మేం నలుగురం స్వరాల కాగితాలు లేకుండానే చేతికొచ్చినట్టు వాయించేశాం. కంపెనీ దొర అదే రికార్డు చేశాడు.

మీ వీరసామి

తా.క. వేళ్లు వాచిపోయాయి. అయినా హాయిగా ఉంది.

బటాంగ్ బెర్జుంటై, 9 మే

చిరంజీవి వీరసామికి ఆశీస్సులు.

నా కళ్లజోడు విరిగింది. నీ ఉత్తరం మా అమ్మాయి పుష్పవల్లి చదివింది. దానికి తెలుగు అక్షరాలు సగమే వచ్చు, రానివి దాటేసింది. నలుగురు కలిసి ఒకణ్ని గొంతు పోయేలా వాయించారు, సెషన్స్ కోర్టుకు తిరుగుతున్నారు, దొర పోలీసు రికార్డు రాశాడు. అంతేనా? కమ్యూనిస్టుల గొడవకి పెట్టిన ఎమర్జెన్సీ ఇంకా ఎత్తేయలేదు, గుర్తింపు కాగితాలు లేకుండా తిరుగుతారా? నీకూ పుష్పవల్లికీ పెళ్లి మాట ఇక ఎత్తకు.

మామయ్య

తా.క. మీ నాన్న దోమను కూడా కొట్టలేడు. నీకిది ఎవరి పోలిక?

కౌలాలంపూర్, 13 మే

మామయ్య గారికి,

అది కోర్టు కాదు. వాయించింది మనిషిని కాదు, గిటారును. రికార్డు జూన్‌లో రిలీజు. గురువారం ఇంకో సెషన్ ఉంది. ఎర్రలైటు వెలిగితే తలుపులు బిగించేస్తారు, గాలి కూడా లోపలికి రాదు.

వీరసామి

తా.క. పెళ్లి మాట ఎత్తనంటే ఎలా?

బటాంగ్ బెర్జుంటై, 16 మే

నాయనా వీరసామీ,

నా మనసు కుదుటపడాలని అబద్ధం రాశావు. అంటే జూన్ దాకా విడుదల లేదన్న మాట. గాలి రాని గది అనగానే పుష్పవల్లి అన్నం ముట్టలేదు. "బావకి ఊపిరాడ్తాదా నాన్నా" అంటోంది. గురువారం వకీలు మారియప్పన్‌తో వస్తున్నాను.

మామయ్య

తా.క. పుష్పవల్లి మురుకులు పంపుతోంది. లోపలికి ఇవ్వనిస్తారా?

కౌలాలంపూర్, 20 జూన్

కాబోయే మామగారికి,

ఆ రోజు మీరు తలుపు తోసుకుని, మలాయావాళ్ల 'లా' కూడా తగిలించి "మావోడు ఏటీ సెయ్నేదు లా, ఒగ్గీండి" అని, నన్ను వదిలేయమని అరిచినప్పుడు మేం వాయింపు మధ్యలో ఉన్నాం. ఆపలేదు. మీరు గోడ పక్కన నిలబడిపోయారు. కాసేపటికి మీ కాలు తాళం వేసింది. పుష్పవల్లిని ఇస్తానని నా భుజం తట్టి వెళ్లారు.

మీకు తెలియనిది ఒకటుంది. మీ కేక రికార్డులో పడింది. మళ్లీ వాయించి చూశాం. అప్పటికప్పుడు పుట్టింది కదా, రెండోసారి ఆ ఊపు రాలేదు. దొర మీ కేకతోనే విడుదల చేశాడు. క్లాంగ్ కాఫీ కొట్లలో చీనావాళ్లు, మలాయీలు, తమిళులు ఆ చోటు కోసం కాచుకుని కూర్చుని, అందరూ ఒక్కసారే "ఒగ్గీండి" అంటున్నారు.

మీ వీరసామి

తా.క. వకీలు గారు ప్రతి సెషనుకూ వచ్చి డ్రమ్ముల దగ్గర కూర్చుంటున్నారు. రికార్డు మీద పాడినవారి పేరు ఉండాలని కంపెనీవాళ్లు పట్టుబట్టారు. మీ పేరే వేయించాను.