హద్దు లేని నీళ్లలో వదిలిన వల గురించి

గద్వాల,
తేది 12-9-1994.

మహబూబ్‌నగర్ జిల్లా మత్స్యశాఖ అధికారిగారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఏ దేశానికీ చెందని సముద్రంలోని జీవాల రక్షణకై దేశాలు జరుపుచున్న చర్చలకు అభిప్రాయం పంపుట, అదే సముద్రంలో మరణించిన ఆత్మకూరు వాస్తవ్యుడు యోహాను సంగతి.

నేను బెస్త ఆశన్న, వయస్సు 36, కృష్ణలో చేపలు పట్టి బతుకువాడను. చేపలవారు అభిప్రాయాలు రాసిస్తే ఢిల్లీకి పంపబడునని మా సంఘం గోడకు అంటించిన నోటీసు చూసి ఈ అర్జీ రాసుకొనుచున్నాను. ఇది కాకినాడ వాళ్లకు, నీకెందుకని సంఘం గుమాస్తా అన్నాడు. గద్వాలకు సముద్రం దూరమే. కానీ నేను పదమూడు నెలలు ఆ నీళ్ల మీద ఉండి వచ్చినవాడను. కావున మనవి చేయునది ఏమనగా:

1. 1992లో నదిలో చేప పడక, నేనూ యోహానూ ఒక మేస్త్రీ వెంట విశాఖపట్నం పోయినాము. రేవులో మట్టిపని అని చెప్పి, పరదేశపు చేపల ఓడ ఎక్కించినాడు. మన నీళ్లు దాటిన రోజున, ఇక్కడ ఏ సర్కారూ లేదని ఓడలోని దుబాసీ మాతో చెప్పినాడు.

2. ఆ ఓడ వల గద్వాల నుండి ఆత్మకూరు దాకా పరిచేంత ఉండును. సాయంత్రం వదిలి పొద్దున లాగేవాళ్లం. వాళ్లకు కావలసిన చేప ఒకటి వస్తే, అక్కరలేని జీవాలు నాలుగు వచ్చేవి. తాబేళ్లు, డాల్ఫిన్లు, చివరకు పక్షులు కూడా ఊపిరాడక చచ్చి వచ్చేవి. తిరిగి నీళ్లలోకి విసరమనేవారు. మా నాయన కొత్తనీరు వచ్చిన నెలలో కృష్ణలో వల వేయడు. గుడ్లతో ఉన్న చేప చేతికొస్తే వదిలేస్తాడు. ఆయనకు ఎవరూ చట్టం చదివి వినిపించలేదు.

3. 1993 నవంబరులో ఒక పొద్దున వల లాగుచుండగా, బతికున్న తాబేలు చిక్కుకొని వచ్చినది. యోహాను వంగి, దాని కాలికి చుట్టుకున్న దారాలు కత్తితో కోసినాడు. తాబేలు జారి నీళ్లలో పడింది. అంతలో ఓడ ఒరిగి, వల సర్రున వెనక్కు పోయి, చేయి చిక్కిన యోహానును వెంట తీసుకుపోయినది. వలను తేల్చే బెండ్లు పట్టుకొని తేలుతున్నాడు. ముఖం కనబడుతున్నది. మేము లాగబోతుండగా దూరాన ఏదో దేశపు కాపలా ఓడ అగుపడింది. అంత పొడుగు వలలు వేయరాదని దేశాల కట్టడి ఉన్నదట, మాకు తెలియదు. వల నరికేయమని దుబాసీ అరిచినాడు. గొడ్డలి నా దగ్గర ఉన్నది.

అయ్యా, ఇక్కడ ఏ మాట వాడవలెనో నాకు తెలియుట లేదు.

"ఆశన్నా, జర ఆగు. చెయ్యి ఇర్కింది" అని యోహాను అన్నాడు. నేను విన్నాను. తాడు తెగితే వల వదులై బయటపడతాడని, వెంటనే చిన్న పడవ దింపుతారని అనుకున్నాను. అప్పుడే అట్లా అనుకున్నానో, తరువాత కల్పించుకున్నానో ఇప్పుడు చెప్పలేను. నరికినాను. పడవ దింపలేదు. ఓడ తిరిగిపోయింది. నేను దూకబోతే ఇద్దరు పట్టుకున్నారు.

4. ఊరికి వచ్చి, అల కొట్టుకుపోయిందని యోహాను భార్య మణెమ్మకు చెప్పినాను. మరణ పత్రం కోసం ఇద్దరం తిరుగుచున్నాము. చనిపోయిన స్థలం ఏదని అడుగుతారు. సముద్రమంటే ఏ దేశపు సముద్రమంటారు. ఒక ఠాణాలో జమాదారు, "హద్దు లేని కాడ సస్తే నేనేం రాయాలె? సచ్చిండని నువ్వంటున్నవ్, అంతే గదా" అన్నాడు. పత్రం లేనందున మొగుడు వదిలిపెట్టి పోయినాడని ఊరంతా అనుకుంటున్నది.

5. కావున కోరునది:

(అ) ఆ నీళ్లలో అటువంటి వలలు వేయకుండుటకే కాదు, కోసి వదిలేసిన వలలు వెదికి తీయుటకు కూడా ఎవరో ఒకరు బాధ్యులని దేశాలు రాసుకొనవలెను.

(ఆ) అక్కడ చచ్చిన జీవానికీ మనిషికీ లెక్క చెప్పే అధికారి ఒకరు ఉండవలెను. యోహాను మరణం ఆయన పుస్తకంలో రాయించవలెను.

(ఇ) నన్ను విచారించదలచిన యెడల ఎక్కడికి రమ్మన్నా వచ్చెదను. ఎక్కడికి రావలెనో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

ఈ మనవిని గోడకు అంటించిన నోటీసులాగా వదిలేయక, తమరు చేతులారా ఢిల్లీకి పంపవలెనని ప్రార్థించు,

తమ ఉత్తరువు కొరకు కాచుకొని ఉన్న
బెస్త ఆశన్న

తా.క.: మొదట ఈ అర్జీలో మరణ పత్రమే ఒకటవ కోరికగా రాసి ఉంటిని. నిన్న మణెమ్మకు చదివి వినిపించినాను. మూడవ నంబరు సంగతి ఆమె అంతవరకు ఎరుగదు. పల్లికాయ ఒలుస్తున్నది, ఒలుస్తూనే విన్నది. తరువాత ఆ వల ఇప్పుడు ఏమైందని అడిగింది. అది కుళ్లదని, తేలుతూ పోతూ ఏండ్లకేండ్లు పట్టుకుంటూనే ఉంటుందని చెప్పినాను. చాటలోని పొట్టు చెరిగి పోసి వచ్చి కూర్చున్నది.

"అట్లయితే ముందుగాల ఆ వల తీపియ్యమని రాయి బావా. కాయితం తర్వాత అడుగుదాం."

అందుచేత కోరికల వరుస మార్చి తిరగరాసినాను. ఈ క్రింది వేలిముద్ర ఆమెది. ముద్ర వేసి లోపలికి పోయినది.