రెండు జతల బూట్లు

శుక్రవారం రాత్రి, హైడెల్‌బర్గ్

క్లాస్‌మేట్ మార్కో ఇవాళ నా గదికొచ్చి, వాళ్లమ్మ చేసినట్టే వెల్లుల్లి, ఎండుమిర్చి వేసి స్పగెట్టి వండాడు. సురేష్ అందులో ఆవకాయ కలిపితే మార్కో ముఖం చూడాలి! నవ్వుతుండగానే బెల్ మోగింది. ఇంటి ఓనరమ్మ. గది దొరికేదాకా సురేష్ నాతో ఉంటున్నాడని ఆమెకు తెలియదు. వాడు ప్లేటుతో సహా తలుపు వెనక నక్కాడు.

ఆమె గుమ్మం బయట నేలకేసే చూస్తోంది. నేనూ సురేషూ అలవాటుగా విడిచిన బూట్లు, రెండు జతలు. మార్కోవి అతని కాళ్లకే ఉన్నాయి.

"సోమవారం మాట్లాడదాం" అని వెళ్లిపోయింది.

"నిన్ను గూడ పొమ్మంటదారా?" అన్నాడు సురేష్. నోట్లో ముద్ద ఇంకా మింగలేదు.

ఈ ఇల్లు పోతే వీసా పొడిగింపుకు ఏ చిరునామా చూపించాలి...

సురేష్ బూట్లు లోపలికి తెచ్చుకున్నాడు. అవి వేసుకునే పడుకున్నాడు.