మామ మోకాళ్ల వార్త

2004 జూలై 6, మంగళవారం

కాదత్తా, నేను అబద్ధం చెప్పలేదు. రాసిచ్చింది చదివాను. నిన్న నిమ్మనపల్లెలో అత్తతో అనాల్సిన మాట ఇది. "నువ్వు వార్తల్లో సూపించినప్పటి నుంచి మీ మామ చేతికట్టె ముట్టడం లేదప్పా. గోడ పట్టుకోని నడస్తాండాడు" అంది అత్త.

పుంగనూరులో నొప్పుల నూనె అమ్మే షాపాయన యాడ్ అది. కింద ప్రకటన అని పడకూడదట, వార్తల నడుమ రావాలట. మా కేబుల్ టీవీ ఓనర్ రమణన్న సరేనన్నాడు. మోకాళ్ల నొప్పి తగ్గిన రైతు ఒకడు కావాలి. మామను కూర్చోబెట్టాను. సీసా మూత మొదటిసారి తీసింది అప్పుడే.

"ఏం సెప్పాలప్పా?"

"తగ్గిందని చెప్పు మామా."

చెప్పాడు. కెమెరా పట్టింది నేనే. సాయంత్రం వార్తల్లో చదివిందీ నేనే.

జూలై 8

పని లేదు. లెన్స్ తుడిచాను. మళ్లీ తుడిచాను.

జూలై 10, శనివారం

మామ టమోటా మండీకి వచ్చాడు. బస్సు దిగడానికి రెండు చేతులతో కమ్మీ పట్టుకున్నాడు... నన్ను చూసి వదిలేశాడు.

టీ కొట్టతను: "ఏం పెద్దాయనా, టీవీలో వచ్చినావంటనే! ఒకసారి ఉరుకు, సూస్తాము."

మామ నవ్వాడు. నవ్వుతూనే బల్ల పట్టుకున్నాడు.

"కట్టె పట్టుకో మామా, ఎవరేమనుకుంటే ఏం?"

"నన్ను సూసే కదరా మా ఈదిలో అందరూ ఆ నూనె కొన్నారు. నన్ను అడగతారు, నిన్ను కాదు."

ఎనిమిదో తరగతితో బడి మానేసిన నాక్కూడా ఈ మాట బాగా అర్థమైంది.

జూలై 11

తగ్గలేదని కూడా ఒక వార్త వేద్దామన్నాను. రమణన్న నవ్వాడు. "పిచ్చి పట్టిందా నీకు? ఆ నూనె షాపాయప్ప కుప్పంలో ఇంకో షాపు తెరస్తాండాడు. మంగళవారం మీ మామను పిల్చుకోనిరా. నడస్తాండేది తీద్దాం."

మామకు చెప్పనే చెప్పను.

జూలై 13, మంగళవారం

రమణన్నే ఫోన్ చేశాడట. మామ పొద్దున్నే దిగాడు, ఇస్త్రీ చొక్కాలో.

"యాల వచ్చినావు మామా?"

"రాకుంటే తగ్గలేదు అనుకోరా?"

క్యాసెట్ ఇంకా చేతిలోనే ఉంది. కెమెరాలో పెట్టలేదు. ఖాళీ కెమెరాతో తీస్తే... రమణన్నకు రేపే తెలుస్తుంది. ఈ పని పోతే ఇంకేం చేతనవును నాకు? పెడితే, కుప్పంలో ఇంకెందరు మామలో...

కిటికీలోంచి కనిపిస్తున్నాడు. రమణన్న జీపు తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎక్కడానికి కాలు లేవడం లేదు. నన్ను పిలవడు. రమణన్న మెట్లు దిగుతున్నాడు, నేను పోవాలి —