పదకొండు కాగితపు దీపాలు, నలభై ఎనిమిది గంటలు

సోమవారం, ఉదయం 9.00
ఈరోజు నుంచి కొత్త జీవితం. ఆన్‌లైన్ దుకాణాలవాళ్ళు ఏ వస్తువు పంపినా, చేతికందిన నలభై ఎనిమిది గంటల్లో ఫోటోలు వెళ్ళిపోవాలి. పోయిన నెల హ్యాండ్‌బ్యాగుల ఆవిడ వేరే స్టూడియో చూసుకుంది. "మీ ఫోటోలు వచ్చేలోపు ఫ్యాషన్ మారిపోతోందండీ" అంది. అందుకే నిర్ణయాన్ని పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాను.
మా ఆవిడ చూసి, "గోడకి ఇంకా చోటుందా?" అంది.

11.00
మొదటి పరీక్ష. చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పిన టీచర్‌గారు వచ్చారు. రిటైరయ్యాక కాగితంతో టేబుల్ దీపాలు చేస్తున్నారు. మొత్తం పదకొండు. గురువారం పదింటికి ఆవిడ ఆన్‌లైన్ దుకాణం తెరుచుకుంటుంది.
"బుధవారం పదకొండుకల్లా ఇచ్చేస్తానండీ."
"హోంవర్క్ కూడా ఇలాగే ఇస్తాననేవాడివి, నాన్నా."

సాయంత్రం 4.00
పని మొదలుపెట్టలేదు. ఏ గంటలో ఏ దీపం తీయాలో పట్టిక వేశాను. నాలుగు రంగుల్లో. చూడముచ్చటగా వచ్చింది.

మంగళవారం, మధ్యాహ్నం 2.00
తెల్ల కాగితం ముందు తెల్ల దీపం పెడితే దీపం మాయం. బల్బు వెలిగిస్తే పసుపు, ఆర్పితే పీనుగ.
ఒకటో దీపం: 140 ఫోటోలు.
మిగతా పది: సున్నా.

5.30
ఒక ఆలోచన. నలభై ఎనిమిది గంటలంటే పనిగంటలు కదా. రోజుకి ఎనిమిది చొప్పున ఆరు రోజులు. ఇంత చిన్న లెక్క ముందే తట్టలేదేమిటో. హాయిగా టీ తాగాను.

బుధవారం, ఉదయం 11.05
టీచర్‌గారి ఫోన్. మా ఆవిడ ఎత్తింది. నేను లేనని చెప్పమని సైగ చేశాను.
"ఇక్కడే ఉన్నారు టీచర్‌గారూ. లేనని చెప్పమని చేతులూపుతున్నారు" అని ఫోన్ నా చేతికిచ్చింది.
"ఎన్నయ్యాయి?"
"దాదాపు..."
"దాదాపు అనేది అంకె కాదు."
"మూడండీ."
"సరే. ఇంకా ఎనిమిది."

సాయంత్రం 4.20
ఘోరం జరిగింది. తొందరలో ఏడో దీపాన్ని స్టూడియో లైటుకు మరీ దగ్గరగా జరిపాను. కాలిపోయింది. రూపాయి బిళ్ళంత చిల్లు.

4.40
చిల్లును వెనక్కి తిప్పి ఫోటో తీశాను. బ్రహ్మాండంగా వచ్చింది.
మా ఆవిడ చూసింది. "కొన్నవాళ్ళింటికి కూడా వెళ్ళి తిప్పి పెట్టొస్తారా?"
ఆ ఫోటో చెరిపేశాను. ఆ తర్వాత కెమెరా పట్టుకోబుద్ధి కాలేదు.

గురువారం, ఉదయం 9.15
కాలిన దీపం పట్టుకుని టీచర్‌గారింటికి వెళ్ళాను. బల్ల నిండా కాగితపు పట్టీలు, జిగురు గిన్నె. ఆవిడ వేళ్ళకు జిగురు ఎండి పొట్టులేస్తోంది.
"ఆరే అయ్యాయండీ. ఏడోది కాల్చేశాను."
ఆవిడ చిల్లు చుట్టూ వేలితో తడిమారు. "ఇది తొమ్మిది రోజుల పని" అన్నారు.
గడియారం చూసి, "పదింటికి దుకాణం..." అని గొణిగాను.
"తెరిచేది వచ్చే గురువారం. నీకు ఈ గురువారమని చెప్పాను."
"ఎందుకండీ?"
"నువ్వు కాబట్టి."
గండం గడిచినందుకు సంతోషించాలి. సిగ్గుతో చచ్చినంత పనైంది.
"కూర్చో. పట్టీలు అంటించు" అన్నారు. మూడు గంటలు అంటించాను. నావి వంకర పోయాయి. ఆవిడ ఒక్కో పట్టీ ఊడదీసి మళ్ళీ అంటించుకున్నారు, ఏమీ అనకుండా. తిట్టినా బాగుండేది.

శుక్రవారం, ఉదయం 9.00
ఈరోజు నుంచి మళ్ళీ మొదలు. మిగిలినవి నాలుగే దీపాలు. వెనక బూడిదరంగు కాగితం పెడితే దీపం చక్కగా కనిపిస్తోంది. పట్టికలు వేయను.

9.20
టీచర్‌గారికి ఫోన్ చేశాను. "ఆదివారం తొమ్మిదికల్లా నాలుగూ మీ చేతిలో ఉంటాయండీ."
"మంచిది నాన్నా."
అవతల పెన్సిల్ గీస్తున్న చప్పుడు.
"ఏం రాసుకుంటున్నారు?"
"మంగళవారం."