దగ్గు తీసేసిన గొంతు

నా తెలివి నా దగ్గరే ఉంది. ఏ వీలునామాలోనైనా మొదట ఉండే మాటే ఇది. నా విషయంలో దీనికి ప్రత్యేకంగా ఒక అవసరం కూడా ఉంది. హెచ్‌ఐవి మాత్రలు మెదడుని తినేస్తాయని చెప్పే మనుషులు ఈ ఊళ్ళో ఉన్నారు. ఆ మాత్రలు నేను పద్దెనిమిదేళ్ళుగా వేసుకుంటున్నాను. ఈ కాగితాన్ని చెల్లకుండా చేయాలనుకున్నవాళ్ళు రేపు ముందుగా పట్టుకునేది ఆ మాటనే. అందుకని మెదడు డాక్టరు పరీక్షించి ఇచ్చిన సర్టిఫికెట్టు జతచేశాను. ఎవరూ నన్ను భయపెట్టలేదు, బతిమాలలేదు. వచ్చే నెల నాకు గుండె ఆపరేషను. ఆలోపు రాసిపెట్టుకుంటున్నాను.

నేను మైకుసెట్లూ కుర్చీలూ అద్దెకిచ్చే దుకాణం నడుపుతాను. బీఎస్సీ చదివాను. నా భార్య పోయి మూడేళ్ళయింది. మాకు ఒక్కతే కూతురు. వాళ్ళమ్మ పిట్ట అని పిలిచేది. నేనూ అలాగే రాస్తాను. మా ముగ్గురిదీ ఇదే జబ్బు. పిట్టకి పుట్టుకతో వచ్చింది. మా ఇద్దరిలో ఎవరి నుంచి ఎవరికి వచ్చిందన్నది నేనూ నా భార్యా ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఈ కాగితమూ మాట్లాడదు.

1. ఈ వీలునామా అమలుపరిచే బాధ్యత నా చిన్ననాటి స్నేహితుడైన వకీలుకి అప్పగిస్తున్నాను. ఫీజు వద్దంటాడు. తీసుకోవాలి. నా చేతిగడియారం కూడా తీసుకోవాలి. కోర్టుకి వేళకి వెళ్ళడం ఈ వయసులోనైనా మొదలుపెట్టొచ్చు.

2. దుకాణంలోని ఆంప్లిఫయర్లు, హారన్లు, బాక్సు స్పీకర్లు, మైకులు, వైర్లు, వాటిని మోసే మూడుచక్రాల బండి, సభల్లో వైర్లు లాగి సెట్టు బిగించే మా లైన్‌మన్‌కి చెందుతాయి. అతన్ని అందరూ మ్యూటు అంటారు, నోరు మూయడు కాబట్టి. నా భార్య పోయిన రోజున మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. వచ్చాడు, చిక్కుపడి ఉన్న వైర్లన్నీ ఒక్కొక్కటే చుట్టి మేకులకి తగిలించాడు, వెళ్ళిపోయాడు. దుకాణం బోర్డు మీద నా పేరు తీసేసి తన పేరు రాయించుకోవచ్చు.

3. అద్దె కుర్చీలన్నీ పెద్దాసుపత్రి వెనక, ఈ జబ్బుకి మందులిచ్చే గది బయటి వరండాకి ఇస్తున్నాను. నిలబడలేనివాళ్ళు అక్కడ గోడకి ఆనుకుని నిలబడుతుంటారు. కుర్చీలు ఇప్పుడున్న డాక్టరమ్మకే అప్పగించాలి. ఈమె మనిషి మొహం చూసి మాట్లాడుతుంది. ముందున్నాయన తలెత్తేవాడు కాదు. ఆ రోజుల్లో ఇచ్చే మాత్రలకి నా భార్య అరికాళ్ళు నిప్పుల మీద పెట్టినట్టు మండేవి. ఆ సంగతి చెబితే, "బతికున్నావు కదా, ఇంకేం కావాలి?" అన్నాడు. మాత్ర మార్చమని అడగొచ్చని మాకు ఎవరూ చెప్పలేదు. తర్వాత అందరికీ మార్చారు. అప్పటికి ఆమె అక్కడికి వెళ్ళడం మానేసింది.

4. మా అన్నయ్యకీ వదినకీ: వాళ్ళింట్లో వెనక అలమరలో మా ఇద్దరి కోసం విడిగా ఉంచిన రెండు స్టీలు గ్లాసులు వాళ్ళే ఉంచుకోవచ్చు. వాటి మీద నాకు ఏ హక్కూ లేదు.

5. మాస్టారికి నా భార్య ఛాతీ ఎక్స్‌రే ఇస్తున్నాను. చివరిసారి తీసింది.

ఈయన కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యారు. ఎయిడ్స్ గురించి డాక్టర్లు చెప్పేది నమ్మని వాళ్ళంతా కలిసి పెట్టుకున్న సంఘానికి పెద్ద. వైరస్సుని ఎవరూ చూడనేలేదని, పరీక్షలన్నీ తప్పుల తడకలని, మనుషుల్ని చంపేది భయమూ ఆ మాత్రలూనని చెబుతారు. వైరస్సుని చూశారు, ఫొటోలూ తీశారు. నా రక్తంలో అది మాత్రలకి ముందు ఎంత ఉందో, ఇప్పుడు పరీక్షకి అందనంతగా ఎలా తగ్గిపోయిందో కాగితాలు తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టాను. మీ ఒంటి తత్వం గట్టిదన్నారు.

ఆయన దొంగ కాదు. మా దగ్గర పైసా పుచ్చుకోలేదు. తను చెప్పేది తను నమ్మారు. నమ్మకుండా చెప్పే మనిషైతే నా భార్య రెండు నిమిషాల్లో కనిపెట్టేసేది. మొదటిరోజు ఆ సంఘానికి వెళ్ళి వచ్చాక ఆమె నాతో చెప్పింది ఒకటే. "ఏమండీ, నేను లోపలికి వెళ్తే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు." తను తాగే కప్పులోనే ఆమెకి టీ పోసిచ్చారట. ఆ నెలలోనే మాత్రలు మానేసింది. నేను మానలేదు. రోజూ రాత్రి భోజనం అయ్యాక, "మీ పిరికి గోళీలు వేసుకున్నారా?" అని అడిగేది. నేను మర్చిపోయిన రోజున గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చేది కూడా తనే.

ఐదేళ్ళు గడిచాక, ఆసుపత్రిలో వార్డు బయట మాస్టారు నాతో అన్నారు: "ఇది న్యుమోనియా అండీ. ఎవరికైనా వస్తుంది. ఎయిడ్స్ అనడానికి రుజువేదీ?" తలుపుకి అవతల ఆమెకి ఇంకా ఊపిరి ఆడుతోంది. ఆ ఎక్స్‌రేలో, నల్లగా కనిపించాల్సిన రెండు ఊపిరితిత్తులూ తెల్లగా ఉంటాయి. వెలుతురుకి పట్టి చూడాలి. వారి హాల్లో తూర్పు కిటికీ పెద్దది.

6. నా భార్య గొంతు గురించి.

మా దుకాణానికి గొంతు ఆమెదే. జనంలో పిల్లలు తప్పిపోతే ఆమె మైకులో పిలిచేది. ఆ గొంతు వింటే ఏడ్చే పిల్లలు ఏడుపు ఆపేవారు. సంఘం ఆ గొంతుతో ఒక ప్రసంగం చేయించింది. మాత్రలు మానేసి నాలుగేళ్ళయింది, చూడండి, నిక్షేపంలా ఉన్నాను అని అందులో చెప్పింది. రికార్డు చేసింది మా సెట్టు మీదే. తర్వాత రెండు రోజులు దుకాణం వెనక గదిలో కంప్యూటరు ముందు కూర్చుని, మధ్యమధ్య వచ్చిన దగ్గులన్నీ ఒక్కొక్కటిగా తనే కోసి తీసేసింది. ఎందుకని అడిగితే, వినేవాళ్ళు బెదురుతారంది. పని బాగా తెలిసిన మనిషి. ఎక్కడా అతుకు వినిపించదు.

ఏడాది తిరిగేసరికి పోయింది. ఆ ప్రసంగం ఇప్పటికీ తిరుగుతోంది. ఒక ఫోనులోంచి ఇంకో ఫోనుకి వెళ్తుంది. చనిపోయిన మనిషి నేను నిక్షేపంలా ఉన్నానని చెబుతూనే ఉంది.

కోయని రికార్డింగు, దగ్గులతో సహా, నా దగ్గర ఉంది. అది పిట్టకి చెందుతుంది. వినమని అడగను. ఆ ప్రసంగాన్ని ఆపమని వకీలు సంఘానికి నోటీసు ఇవ్వాలి. ఆపకపోతే, వినిపించే ముందు ఈమె చనిపోయిందని, ఏ జబ్బుతో పోయిందో చెప్పమని అడగాలి. చెప్పరని నాకు తెలుసు. అయినా అడగాలి.

7. ఇల్లు, కింద దుకాణం గది, బ్యాంకులో ఉన్నది, వాళ్ళమ్మ బూడిదరంగు శాలువా, మైకు అందక ఆమె ఎక్కి నిలబడే చెక్కపీట మా అమ్మాయి పిట్టకి చెందుతాయి. దీనికి ఏ షరతూ లేదు.

షరతు పెట్టమని వకీలు పట్టుబట్టాడు. వాళ్ళమ్మ పోయిన మూడో నెలలో పిట్ట మాత్రలు ఆపేసింది. ఇప్పుడు సంఘం ఆఫీసు మేడమీద గదిలో ఉంటోంది, సభల్లో వాళ్ళమ్మ ప్రసంగాన్ని పరిచయం చేస్తోంది. ఇల్లు కావాలంటే మాత్ర వేసుకోవాలి, ఆర్నెల్లకోసారి రక్తపరీక్ష చూపించాలి అని రాయమన్నాడు. "ఒరేయ్, నీకు కూతురు బతకడం ముఖ్యమా, పెద్దమనిషితనం ముఖ్యమా?" అన్నాడు. వారం రోజులు ఆలోచించాను. ఇల్లు చూపించి మింగించిన మాత్ర, ఇల్లు చేతికి రాగానే చెత్తబుట్టలో పడుతుంది. పైగా ఆ షరతు నేను పోయాకగానీ నోరు విప్పదు. అంతవరకు ఆగే వ్యవధి ఆమె ఒంట్లో లేదు.

ఎలా తెలుసంటే, పోయిన నెల మ్యూటుకి జ్వరం వస్తే సంఘం సభకి సెట్టు పెట్టడానికి నేనే వెళ్ళాను. ఐదు నెలల తర్వాత పిట్టని చూడటం అదే. చిక్కిపోయింది. మైకు ముందు నిలబడి, వెనక మిక్సరు దగ్గరున్న నన్ను చూసి, "నాన్నా, వాల్యూము సరిపోతుందా?" అని అడిగింది. సరిపోతుందన్నాను. మధ్యలో ఒకసారి మొహం పక్కకి తిప్పుకుంది. హాల్లో ఎవరికీ వినపడలేదు. నా చెవులకి హెడ్‌ఫోను ఉంది. అది నాకు తెలిసిన దగ్గు. పొడిది, సగంలో ఆగిపోయేది.

సభ అయ్యాక మెట్ల దగ్గర పట్టుకుని బతిమాలాను. నాతో వాదించలేదు. వైరస్సు లేదని కూడా అనలేదు. "ఇప్పుడు నేను మాత్ర వేసుకుంటే, అమ్మ ఊరికే పోయినట్టు కదా నాన్నా" అంది.

పిట్టా, ఇది నీకే రాస్తున్నాను. మీ అమ్మ తప్పు చేసింది. మీ అమ్మ మంచి మనిషి. ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటాయి. ఒకదాన్ని నిలబెట్టడానికి రెండోదాన్ని నువ్వు మోయక్కర్లేదు. నీకు గుర్తుందో లేదో, తన మాత్రలు మానేసిన ఐదేళ్ళూ నీ మాత్ర నీ కంచం పక్కన పెట్టింది మీ అమ్మే. నేను కాదు. నీ మాత్రల మాటేమిటని ఒకసారి మన ముందుగదిలోనే మాస్టారు అడిగితే, "నా ఒళ్ళు నా ఇష్టం, దాని ఒళ్ళు దానిది" అంది. అప్పుడు నువ్వు కిటికీ దగ్గర కూర్చుని చదువుకుంటున్నావు. మీ అమ్మ మాట నిలబెట్టాలని ఉంటే, ఆ మాట నిలబెట్టమ్మా.

వేసుకోకపోయినా ఇల్లు నీదే. తాళంచెవి నీ దగ్గర ఒకటి ఉంది కదా. అది పోయి ఉంటే మ్యూటు దగ్గర ఇంకోటి ఉంది.

8. ఈ కాగితం నేను పోయేదాకా బీరువాలో పెట్టకూడదు. రిజిస్టరైన రోజే వకీలు ఒక నకలు తీసుకెళ్ళి పిట్ట చేతికివ్వాలి. మాస్టారికి కాదు, మేడమీద గదికి వెళ్ళి ఆమెకే. కిందనుంచి పిలిస్తే రాకపోవచ్చు. మోకాళ్ళ నొప్పి ఉన్నా మెట్లెక్కాలి.

9. నా అంత్యక్రియలకి మైకు పెట్టొద్దు. మంచి మాటలు చెప్పేవాళ్ళుంటే దగ్గరికొచ్చి చెప్పుకోవచ్చు.

10. హక్కుదారు నాకంటే ముందు చనిపోతే ఆస్తి ఎవరికి చెందాలన్నది ప్రతి వీలునామాలోనూ ఉండాలని, అది లేకపోతే తర్వాత చిక్కులొస్తాయని వకీలు చెప్పాడు. తనే రాసుకుని వచ్చాడు. చదివి వినిపించబోతే ఆపమన్నాను. అతను చెప్పింది సబబే. ఈ నంబరు కింద మిగిలిన ఖాళీ పొరపాటున వదిలింది కాదు. ఆ వాక్యం నేను రాయను.

తేదీ: రెండువేల పంతొమ్మిది, నవంబరు పదకొండు.

(సంతకం)
మైకుసెట్టు దుకాణం యజమాని

సాక్షులు:
1. (సంతకం) పక్క దుకాణం దర్జీ
2. (సంతకం) పెద్దాసుపత్రి మందుల గదిలో మాత్రలు ఇచ్చే ఉద్యోగిని