నేను నిలబడిన చోటు

నవంబరు 12, 1998. అరకు.

బడి గోడ పైభాగం ప్లాస్టరింగు రేపే. పరంజా మీద పాత మామిడి చెక్క వేయాలా, కాఫీ తోటలోంచి తెచ్చిన కొత్త సిల్వర్ ఓక్ చెక్క వేయాలా అని పొద్దుటి నుంచీ తేల్చుకోలేకపోయాను. పాతది వంగింది. కొత్తది తిన్నగానే ఉంది గానీ, నడుమ కొమ్మ తీసేసిన చోట పెద్ద ముడి. విరిగితే చెక్క అక్కడే విరుగుతుంది.

దాని మీద నిలబడి సిమెంటు అందించేది మా కూలి సోంబారి. "ఏటి మేస్త్రీ, ఇంత ఆలోసన? నువ్వే ఎక్కి సూడు. నిన్ను మోత్తే నన్ను మోయదా?" అంది.

రెండు రాళ్ల మీద కొత్త చెక్క పరిచి ఎక్కాను. నాలుగుసార్లు గట్టిగా ఊగాను. కిర్రుమనలేదు. సరే, ఇదే వేద్దామన్నాను.

ఇప్పుడు గుర్తొస్తోంది. నేను నిలబడింది ముడి మీద కాదు, చివర, రాయికి దగ్గరగా. అక్కడైతే ఏ చెక్కయినా మోస్తుంది. ముప్పై ఏళ్ల పనిలో నాకు తెలియని సంగతా ఇది? మరి కాలు నడిమికి ఎందుకు పోలేదు? మరిచానా, భయపడ్డానా?

పోనీ, రేపు పాతదే వేయిద్దామంటే అదీ లేదు. "ఇంక దీంతో పనేటి" అని సోంబారి అప్పుడే దాన్ని పొయ్యిలోకి నరికేసింది. సాయంత్రం నేను తాగిన టీ ఆ మంట మీద కాచిందే.