ఆరో పేజీలో సవరణ

అత్తయ్యా,

నువ్వే గెలిచావు! యాభై రెండేళ్ల కిందటి ఆడవాళ్ల సైకిల్ పోటీలో మొదట వచ్చింది నువ్వేనని పేపర్లోనే ఉంది. లైబ్రరీలో పాత పేపర్లు తిరగేస్తూ కేక పెట్టాను. నన్ను బయటికి పంపబోయిన లైబ్రేరియన్, తనూ చదివి చప్పట్లు కొట్టింది.

జరిగింది ఇది. పోటీ ముగిసేదాకా ఆగితే వార్త మర్నాటి పేపరుకు అందదని, గెలుస్తుందనుకున్న డ్రిల్లు టీచరు పేరు విలేకరి ముందే రాసి పంపేశాడు. నేనూ విలేకరినే కదా, ఆ తప్పు ఒకసారి చేశాను. అయిదు రోజుల తర్వాత ఆరో పేజీలో, సినిమా ప్రకటనల కింద, మూడు వరుసల సవరణ వేశారు: "గెలిచినది పోస్టుమాస్టరు గారి రెండో అమ్మాయి." అంటే నువ్వే! మన ఇంట్లో దాన్నెవరూ చూడలేదు.

"పేపర్లో లేని గెలుపు" అంటూ ఇన్నేళ్లూ నిన్ను ఏడిపించిన మావయ్యకు, కొట్టుకి ఫోన్ చేసి మరీ చదివి వినిపించాను.

"అల్లుడూ, పది కాపీలు తీయించు," అన్నాడు.

"అత్తయ్యకు పదెందుకు మావయ్యా?"

"మీ అత్తకి ఒకటి చాల్లే. తొమ్మిది నాకు. మీ అత్త కోతలు కోస్తోందని ఊరంతా చెప్పింది నేనే కదరా, ఇప్పుడు ఇంటింటికీ తిరిగి నేనే చూపించుకోవాలి!"

నీ మేనల్లుడు